ఫోటోలో కుడి పైమూల

నా భార్య పేరు చిసాతో. ఆమె ఫోటో పోయిన రోజు టర్కీలోని ఎఫెసస్‌లో గాలి ఎక్కువగా ఉంది. మా బృందం పాత గ్రంథాలయం మెట్ల ముందు ఆగింది. అందరికీ వెనకగా నిలబడి, చొక్కా జేబులోంచి ఆ ఫోటో తీసి, గ్రంథాలయం గోడ వైపు తిప్పి పట్టుకున్నాను. పోయినవాళ్లు చూడాలనుకున్న చోటికి వాళ్ల ఫోటో తీసుకెళ్లి చూపించడం మా జపాన్ వాళ్లలో ఉన్నదే. గాలి ఒక్కసారి విసిరింది. ఫోటో, జనం దాటకుండా కట్టిన తాడు అవతల, విరిగి పడి ఉన్న పాలరాళ్ల మధ్యకి ఎగిరిపోయింది.

"ఏం పోయింది మాస్టారూ?" అని అడిగింది, పసుపు జెండా పట్టుకుని మమ్మల్ని నడిపించే హత్తా. అప్పటికే కొందరు వెతకడానికి నడుం వంచారు.

"ఏం లేదమ్మా, టికెట్ ముక్క. పదండి, పదండి."

నా ఒక్కడి కోసం అంతమందిని ఆపడం నాకు చేతకాలేదు. జపాన్ నుంచి బయలుదేరినప్పటి నుంచి మాలో ఎవరూ ఎవరినీ ఆపలేదు. చెప్పిన వేళకంటే ముందే బస్సు దగ్గర నిలబడేవాళ్లం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఆ సంగతి బస్సెక్కాకే చెప్పేవాళ్లు.

వాళ్లు కదిలారు. నేను తలెత్తి చూశాను.

కప్పు లేదు, పుస్తకాలు లేవు. ముందరి గోడ మాత్రం రెండంతస్తులుగా నిలబడి ఉంది. కింద రెండేసి స్తంభాల మధ్య గూళ్లు, గూళ్లలో రాతి స్త్రీలు. కింద ఖాళీ వదిలిన చోట పైన స్తంభాల జంట ఉంది. మధ్య స్తంభాలు చివరి వాటికంటే కాస్త లావు. అందువల్ల గోడ ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుందని చిసాతో ఎప్పుడో చెప్పింది. మా బడిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి, తను గ్రంథాలయం చూసుకునేది. పుస్తకంలో చూసినప్పుడు నాకది లెక్కలాగే కనిపించింది. ఎదురుగా నిలబడితే, చదువుకోవడానికి వచ్చే మనిషిని గౌరవించాలని ఎవరో పడ్డ శ్రమ అని తెలిసింది.

తండ్రి సమాధి మీద కొడుకు కట్టించిన గ్రంథాలయం అది. "ఇంతకంటే మంచి చోటు ఎవరికి దొరుకుతుంది?" అనేది చిసాతో. "పైన జనం పేజీలు తిప్పుతూ ఉంటారు. కింద ఆయన వింటూ పడుకుంటాడు."

"ఫోటోకి రండి, ఫోటోకి!" ఇనుకై కేకేశాడు. మా ఊళ్లో బడి పక్కనే అతని స్టూడియో. మా బడి ఫోటోలన్నీ అతను తీసినవే.

"పొట్టివాళ్లు ముందు వరుస. ఒగినో గారూ, మీరు కూడా."

"నేను పొట్టిదాన్నా? ముందు నీ కళ్లజోడు తుడుచుకో," అంది ఒగినో. ఆమె మా బడి వంటశాలలో పనిచేసేది, చిసాతో స్నేహితురాలు.

"అందరూ ఎడమకి జరగండి. ఇంకొంచెం. ఇంకా."

"ఇంకా జరిగితే నడుచుకుంటూ జపాన్ చేరతాం. కుడి పక్కంతా ఖాళీయేగా! ఆకాశాన్ని ఫోటో తీయడానికి ఇంత దూరం రావాలా? మన ఊళ్లో లేదా ఆకాశం?"

"నాకు కుడి పైమూల కావాలి," అన్నాడు ఇనుకై.

ఎవరూ నవ్వలేదు. మా దగ్గర బడి ఫోటో రోజున జ్వరం వచ్చి రాలేని పిల్లల ముఖాన్ని తర్వాత విడిగా తీసి, కుడి పైమూల గుండ్రంగా పెడతారు. మేమంతా అలాంటి ఫోటోలు చూస్తూ పెరిగినవాళ్లమే.

"చిసాతో గారు ఇవాళ రాలేదు, అంతే," అన్నాడు ఇనుకై. "మీ జేబులో ఉన్న ఆవిడ ఫోటో ఒకసారి ఇవ్వండి మాస్టారూ. ఈ వెలుగులోనే దానికి ఫోటో తీసుకుంటాను."

అందరూ నా వైపు తిరిగారు.

"లేదు," అన్నాను. "ఇందాక పోయింది అదే."



"టికెట్ ముక్క అన్నారు!" అంది ఒగినో. "పెళ్లాన్ని టికెట్ ముక్క అన్న మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. చిసాతో విని ఉంటే రాత్రికి మీకు అన్నం పెట్టేది కాదు."

"బస్సు..." అన్నాను.

"బస్సు ఆగుతుంది మాస్టారూ," అంది హత్తా. జెండా చుట్టి చంకలో పెట్టుకుని కాపలాదారు దగ్గరకి వెళ్లింది. ఆమె ఏం చెప్పిందో తెలియదు. అతను నా వైపు ఒకసారి చూసి, తాడు విప్పాడు.

అందరూ రాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నారు. అలా కూర్చోకపోతే ఆ రాళ్లను మేము చూసి ఉండేవాళ్లం కాదు. గోడలో ఉన్నప్పుడు ఎవరికీ కనబడని పక్కన కూడా ఆకుల ఈనెలు చెక్కి ఉన్నాయి. "ఇటు చూడండి!" అని ఎవరు కేకేసినా నేను లేచాను. ప్రతిసారీ అది రాతి మీద పువ్వే. అయినా ప్రతిసారీ వంగి చూశాను, చూడదగ్గవే అవి.

"మీ ఆవిడ మంచి చోటే చూసుకుంది," అంది ఒగినో, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ.

ఫోటో దొరకలేదు. కుడి పక్క ఖాళీ వదిలే ఇనుకై మా అందరి ఫోటో తీశాడు. మేము ఆలస్యంగా బస్సెక్కాం. ఎవరూ గడియారం చూసుకోలేదు.

"ఇంటికెళ్లాక ఇంకోటి పంపండి," అన్నాడు ఇనుకై. "మూల అలాగే ఉంచుతాను."

ఇంట్లో చిసాతో ఫోటోలు చాలానే ఉన్నాయి. అన్నిటిలోనూ తను కెమెరాని చూసి మర్యాదగా నవ్వుతుంది. పోయినదాంట్లో అలా కాదు, తలెత్తి పైన దేన్నో చూస్తోంది. ఆ గోడ ముందు పెట్టడానికి నాకు అలాంటి ముఖమే కావాలి. పెట్టెలన్నీ రెండుసార్లు వెతికాను.

ఇనుకై తొందరపెట్టలేదు. నేను పంపే ఫోటో అందేదాకా ఆ గుంపు ఫోటో ఎవరికీ అచ్చు వేయొద్దని అందరూ అతనితో అన్నారట. నేను ఇంకా ఏ ఫోటో పంపలేదు.