నిరాహార దీక్ష అని రాసిన కాగితం

పెన్షన్ కాగితాల కోసం రెండు రోజులు పార్వతీపురం ఆఫీసుల చుట్టూ తిరిగి, హెడ్ వార్డర్ సన్యాసిరావు కొండ మీది సబ్‌జైలుకు తిరిగొచ్చేసరికి గేటు ముందు ఎస్కార్టు వ్యాను నిలబడి ఉంది. గంజాయి మోశాడన్న కేసులో రిమాండు ఖైదీ గాసి, మూట కట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

"ఏటిది?"

"నిరాహార దీక్ష సార్," అన్నాడు తేజ. వార్డరుగా చేరి ఐదు నెలలు. "నాలుగు పూటలు కంచం తోసేశాడు. రూల్ ప్రకారం రిపోర్టు పెట్టాను. విశాఖ పెద్ద జైలుకి మార్చమని ఆర్డరొచ్చింది."

సన్యాసిరావు వంటగదిలోకెళ్ళి గిన్నె మూత తీశాడు. మామిడికాయ పప్పు. ఆవరణలో చెట్టు విరగకాసింది. వంటవాడు పూటపూటా అదే వండి, అన్నం మీద పోసి మరీ ఇస్తున్నాడు.

"ఈడి ఊళ్ళో మామిడి పండగ అయిందో లేదో అడిగావా?"

"అంటే?"

అంటే ఆ పండగలో కొండ దేవతకు పెట్టకముందు కొండవాళ్ళు కొత్త మామిడికాయ నోట పెట్టరు. ముప్పయ్యేళ్ళ కిందట సత్యనారాయణ అనే పాత వార్డరు ఆయనకు చెప్పాడు, ఈ రోజుల్లో కొండవాళ్ళకు పప్పు పొయ్యకుండా అన్నం విడిగా తియ్యమని. ఒక్క మాట, అంతే. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. సత్యనారాయణ పోయాడు. తరవాత ఇద్దరు రిటైరయ్యారు. ఆ ఉద్యోగాలు ఏళ్ళకేళ్ళు ఖాళీగా ఉంచి, ఇప్పుడు ఒక్కసారే ఆరుగురు కొత్తవాళ్ళను తెచ్చి పడేశారు. చెప్పేవాడు తనొక్కడే మిగిలాడు, తనేమో పెన్షన్ కోసం లైన్లో నిలబడ్డాడు. దీన్ని భర్తీ అంటారు.

"నోరు లేదేట్రా గాసీ? సెప్పొచ్చు కదా," అన్నాడు సన్యాసిరావు వరండాలోకొచ్చి.

"సెప్పినాను బాబూ. పండగ అవ్వలేదన్నాను. ఇది జైలు, పండగల్లేవన్నాడు."

తేజ తల దించుకున్నాడు.

సన్యాసిరావు ఉత్తన్నం, ఉప్పు, మజ్జిగ తెచ్చాడు. ఎస్కార్టు వాళ్ళ ఎదురుగానే గాసి మెతుకు మిగల్చకుండా తిన్నాడు. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడా కొత్త ఆఫీసరే.

"తిన్నాడా, మంచిది. ఆర్డరు రద్దు కావాలంటే ఫైలు మళ్ళీ పైకెళ్ళాలి. ముందు పంపేయండి."

వ్యాను ఎక్కుతూ గాసి వెనక్కి చూశాడు. "సంతరోజు మా ఆడది వచ్చేస్తాది బాబూ. విశాఖ దానికి తెల్దు. ఇంక నన్నెలాగ సూస్తాది?"

"నాను మాటాడతాను. ఎక్కు."

సంతరోజు సన్యాసిరావు సర్వీసుకు ఆఖరి రోజు. ఇంకా పైనున్న ఊరి నుంచి నాలుగు గంటలు కొండ దిగి నడిచొచ్చిన గాసి భార్య నూకరత్నానికి ఆయనే చెప్పాడు. ఆమె ఏడవలేదు. కొంగు ముడి విప్పి రెండు మామిడికాయలు బల్ల మీద పెట్టింది.

"మొన్న పండగైపోనాది. ఇంక తినొచ్చని తెచ్చినాను."

ఎవరూ వాటిని ముట్టుకోలేదు.

తేజ అడిగాడు. "సార్, నాకు తెలియనివి ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి?"

సన్యాసిరావు గడియారం చూశాడు. మూడున్నర. ఐదింటికి ఆయన ఇంటికి పోవాలి.

"కాగితం తెచ్చుకో. ముందు ఈవిడికి అన్నం పెట్టు. పప్పు పోసినా పర్లేదిప్పుడు."