వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య

పిండి వెనక్కి వచ్చింది, అవును, సిరివెళ్ల హోటల్లో ఆ పరోటా మాస్టరు బండ మీద పిండిని అరచేత్తో అణిచాడు, చెయ్యి తీయగానే అది మెల్లగా ముడుచుకుని మళ్లీ మందమెక్కింది, టీ తాగుతూ చూశాను, ఊరికే చూశాను, ఇప్పుడు అంబాసిడర్ ముందు సీట్లో కూర్చుని, పక్కన తమ్ముడు మోషే స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ ఆళ్లగడ్డ వైపు తోలుతుంటే ఆ పిండే మళ్లీ కళ్లముందుకొచ్చింది, ఎందుకంటే మొన్న నేను పిస్టన్ల మీద పెట్టింది సంగటి కాదు, చపాతీ పిండి.

నాయన ఉన్నన్నాళ్లూ నంద్యాల షెడ్డులో అదే పద్ధతి, టిఫిన్‌లోంచి చిటికెడు సంగటి తీసి పిస్టన్ నెత్తిన అద్దేవాడు, పైన మూతలా హెడ్డు బిగించి ఇంజన్ని చేత్తో తిప్పేవాడు, మళ్లీ విప్పి, వాల్వు నొక్కిన చోట సంగటిని బ్లేడుతో కోసి మందం కొలిచేవాడు, ఎంత మందం మిగిలితే వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య అంత ఖాళీ, సంగటి నొక్కితే నొక్కినట్టే ఉంటాది జ్యోత్స్నా, మనిషి మాదిరి మాట మార్చదు, అనేవాడు, కానీ అమ్మకు షుగర్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో చపాతీలే, ఆ బేసిన్‌లోంచే ముద్ద తుంచుకుని షెడ్డుకు పోయాను, పిండి పిండే కదా అనుకున్నాను, కొలత బాగా వచ్చింది, రాదా మరి, వాల్వు నొక్కి వెళ్లాక నేను హెడ్డు విప్పేలోపల పిండి మళ్లీ లేచి కూర్చుంటే లేని ఖాళీ కూడా కనిపిస్తుంది.

కంపెనీ సరుకైతే ఏమీ కాకపోవును, నేను వేసింది బయటి నుంచి తెప్పించిన క్యామ్‌షాఫ్ట్, వాల్వులను తోసే దాని ముక్కులే ఎత్తు, దానికి తోడు ఎక్కువ రేషియో రాకర్ ఆర్మ్‌లు, అవి ఆ ఎత్తును ఇంకా పెంచి వాల్వును ఇంకా కిందికి తోస్తాయి, ఏదో ఒకటి చాలు కదమ్మా అని అందరూ అన్నారు, రెండూ వేస్తే తప్ప ఆళ్లగడ్డ మెకానిక్ ఓబయ్యన్న నోరు మూతపడదనుకున్నాను, ఆడబిడ్డ కట్టిన ఇంజనా, చర్చికి పోయి రానీకె బాగుంటాదిలే అని తన షెడ్డు ముందు పదిమందిలో నవ్వినాయన, ఈ రోజు ఆ పదిమందినీ రోడ్డు పక్కన నిలబెట్టుకుని మా బండి కోసం కాచుకుని ఉన్నాడు.

అక్కా, ఏందీ అట్ల బిగుసుకపోయినావ్, ఇంజన్ వింటాండావా, పాట పాడతాంది, అన్నాడు మోషే, వింటూనే ఉన్నాను, నెమ్మదిగా తోలినంతసేపూ పాటే, గట్టిగా తొక్కితే స్ప్రింగులు వాల్వును వేళకు వెనక్కి లాగలేవు, ఉన్న కాస్త ఖాళీ కూడా పోతుంది, పిస్టన్ పైకి వచ్చి కొడుతుంది, వాల్వు విరిగి లోపల పడుతుంది, ఇంజన్ పట్టేస్తుంది, దాంతోపాటు చక్రాలూ, ముందు బేతంచెర్ల బండల లారీ, ఒద్దురా, నిదానంగా పో, అన్నాను, వాడు నవ్వాడు, నువ్వు కట్టిన ఇంజనంటే నీకే బయమా, లారీ దాటినాక తొక్కుతా సూడు, ఓబయ్యన్న మీసం ఎగిరిపోవాల, చెప్పేయాలి, చెబితే ఆళ్లగడ్డంతా నవ్వుతుంది, చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు, పిండి కొంచెమే లేచి ఉండొచ్చు, వెంట్రుకవాసి ఖాళీ మిగిలి ఉండొచ్చు, వాడు గేరు తగ్గించాడు, లారీ పక్కకు వచ్చాం, వాడి కాలు దిగుతోంది, మోత పెరుగుతోంది, నా చెయ్యి తాళం చెవి మీద ఉంది, ఎప్పుడు పెట్టానో, తిప్పి ఇంజన్ ఆపేశాను.

గాలి చప్పుడు ఒక్కటే, లారీ హారన్ కొట్టుకుంటూ ముందుకు పోయింది, బండి దొర్లుకుంటూ వెళ్లి మట్టిలో ఆగింది, మతి పోయిందా నీకు, సంపుతావా ఏంది, అని అరిచాడు మోషే, కొలత తప్పురా, నాదే తప్పు, విప్పాల, అన్నాను, ఓబయ్యన్న నవ్వుతాడని అంటాడనుకున్నాను, ఖాయంగా తెలుసా అంటాడనుకున్నాను, నా దగ్గర రుజువేమీ లేదు, వాడు బానెట్ వైపు చూశాడు, చెమట తుడుచుకున్నాడు, దిగి డిక్కీ తెరిచాడు, ఈడ్నే విప్పుదామా, తాడు కట్టి షెడ్డుకు లాగిచ్చుకపోదామా, చెప్పు అక్కా, అన్నాడు, అంతే, ఇంకేమీ అడగలేదు, అప్పుడు అర్థమైంది, నా పనిని నమ్మే మనిషి కోసం ఇన్నాళ్లూ ఆళ్లగడ్డ దిక్కు చూశాను, ఆ మనిషి నంద్యాల నుంచీ నా పక్కనే, నా పని మీద ఒక్క ప్రశ్న వేయకుండా, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు.