పడవ పేరు ఝాన్సీ

మా ఆయన పడవ పేరు ఝాన్సీ. నా పేరు కన్యాకుమారి. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, పెళ్లయిన నాటి నుంచీ నా కడుపు ఎందుకు మండుతోందో ఎవరికైనా తెలిసిపోతుంది.

పేరు ఉంటే ఉండనీ, మర్యాదలు చూడాలి. ఆషాఢం రాగానే మా ఆయన ఎల్లాజీ పదిమందిని పిలిచి పడవను ఏట్లోంచి పైకి లాగిస్తాడు. వరద నెలల్లో పడవ నీళ్లలో ఉండకూడదు. ఒడిశా కొండల్లో వాన పడితే చాలు, ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, వంశధార పొంగుతూనే ఉంటుంది. అందుకని ఆ నెలలన్నీ పడవ మా పెరట్లోనే మకాం. కొత్త కోడళ్లు పుట్టిళ్లకు వెళ్లేది కూడా అప్పుడే కాబట్టి ఊళ్లో వాళ్లకు అదొక వేళాకోళం. "ఎల్లాజీ, ఝాన్సీ పుట్టింటికొచ్చేసినాదేటి?" అని దారిన పోయేవాళ్లు అడుగుతారు. మా ఆయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాడు.

ఇక సేవలు మొదలు. దుంగల మీద నిలబెట్టి, పలకల సందుల్లో పాత పత్తి గీకి పారేస్తాడు. కొత్త పత్తి కూరుతాడు. సాలూరు లారీల వాళ్లతో చెప్పి తెప్పించుకున్న గుగ్గిలం కరగబెట్టి సందులన్నీ మూస్తాడు. దాని మీద పలాస నుంచి తెచ్చిన జీడిపిక్కల నూనె పట్టిస్తాడు. ఆ నూనె తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. బ్రష్షుతో పూస్తే చెక్క తాగదట, గుడ్డ ముంచి చేత్తోనే రుద్దుతాడు. మా పెళ్లయిన ఏడు నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే గుమ్మంలో నిలబడి, "నుదురు ముట్టుకుందునే గానీ సేతులకి నూనున్నాది" అన్నాడు. అన్నీ అయ్యాక ఎర్ర పెయింటు డబ్బా తెచ్చి, నాలిక బయటపెట్టి, పడవ ముక్కు మీద పేరు దిద్దుతాడు. ఆ 'సీ' గుడిదీర్ఘం ఎంత సోకుగా తిప్పుతాడో చూసి తీరాలి.

ఆ ఝాన్సీ ఎవరో కాపురానికి వచ్చిన కొత్తలోనే పక్కింటి ధనలక్ష్మి నా చెవిన వేసింది. "నీకన్నా ముందు ఝాన్సీ అని ఓ పిల్లని అనుకున్నార్లే. కుదర్లేదు. ఆ పిల్లని అవతలొడ్డుకి ఇచ్చేసినారు" అంది. ఆ మాట చెప్పి హాయిగా తన వంటింట్లోకి పోయింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

ఆయన్ని అడిగాను. "పడవకి ఆ పేరు ఎందుకెట్టినావు?" అని.

"పడవ పేరే అది" అన్నాడు.

చూశారా, అబద్ధం ఆడటానికి కూడా ఓపిక లేదు.

పోయినేడు వరదలో పడవ దింపి అవతలి ఒడ్డు వాళ్లకు బియ్యం, మందులు చేరేశాడు. మంచి పనే, కాదనను. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఝాన్సీ ఎండుసేపల పులుసు పోసింది. బాగున్నాది" అన్నాడు. పైగా, "నువ్వు కూడా అలా వండరాదూ?" అన్నాడు. ఆ తర్వాత దసరా దాకా మా ఇంట్లో చేప అన్నది పొయ్యి ఎక్కలేదు.

ఇక ఈ ఏటి సంగతి.

పడవ అడుగున పిడికిలి పట్టేంత కన్నం ఒకటి ఉంటుంది. నీళ్లలో ఉన్నప్పుడు దానికి చెక్క బిరడా బిగిస్తారు. పెరట్లోకి వచ్చాక వాన నీళ్లు లోపల నిలవకుండా ఆ బిరడా పీకేస్తారు. పీకిన బిరడా ఇంటి ఆడదాని చేతికివ్వాలి, ఇది వాళ్ల రివాజు. ఆవిడ దాన్ని దేవుడి మూల తడి ఇసుక పోసిన ముంతలో పాతిపెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాలి. ఇన్నాళ్లూ మా అత్త నారాయణమ్మ ఆ పని చేసేది. ఈ ఏడు మోకాళ్లు పట్టేసి వంగలేక, బిరడా తెచ్చి నా ఒళ్లో వేసింది.

"తడి ఇసకలో ఎట్టు. ఆరనీకు."

"ఆరితే ఏటవుద్ది అత్తా?"

"ఆరనీకూడదంతే. మా అత్త సెప్పింది, నాను నీకు సెప్తన్నాను."

నాది చీపురుపల్లి అవతల మెట్ట ఊరు. మాకు తెలిసిన పంటలు గోగు, వేరుశెనగ. తెలిసిన నీళ్లు బోరు నీళ్లు. పడవల మర్యాదలు నాకేం తెలుసు? తెలిసిందల్లా ఒకటే, సవతిని తెచ్చి దేవుడి మూల పీట వేసి కూర్చోబెట్టమంటున్నారు. అది నా వల్ల కాలేదు. ముంతలో ఇసుక పోశాను, బిరడాను మాత్రం బియ్యం డబ్బా అడుక్కి తోసేశాను. అత్త కళ్ల ముందు వట్టి ఇసుకకే రెండు పూటలా నీళ్లు చల్లాను. అంత భక్తిగా చల్లుతున్న కోడల్ని చూసి ఆవిడ మురిసిపోయింది. ఈసారి వరదొచ్చి బిరడా అడిగితే ఎలక ఎత్తుకుపోయిందని చెప్పాలని ముందే అనుకున్నాను. ఈ ఏడు అవతలొడ్డు పులుసు ఎలా తాగుతాడో చూద్దామనుకున్నాను.

భాద్రపదంలో వచ్చింది వరద. మిట్టమధ్యాహ్నం, చుర్రుమనే ఎండ. ఎగువన గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని పంచాయతీ మైకులో చెబుతుండగానే మా రేవు మెట్లు మునిగాయి. అంతలో మా ఆయన జతగాడు కొండబాబు ఫోను చెవిన పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. అవతలి ఊరి ఆడవాళ్లు నలుగురు పొద్దున మోకాల్లోతు నీళ్లలో నడిచి లంకలో బెండకాయలు కోయడానికి వెళ్లారట. వెళ్లిన దారి ఇప్పుడు నిలువెత్తు నీళ్లలో ఉంది. పశువుల పాక మిట్ట మీదకి ఎక్కి నిలబడ్డారట. టౌను నుంచి బోటు బయల్దేరింది గానీ రోడ్డు మునిగి దారిలో ఆగిపోయింది. మా ఊళ్లో తక్కిన పడవలు రెండూ పత్తి పీకి సందులు తెరిచి ఉన్నాయి. తయారుగా ఉన్నది ఝాన్సీ ఒక్కతే.

"ఆ నలుగుర్లో ఝాన్సీ కూడా ఉన్నాదంట" అన్నాడు కొండబాబు.

మా ఆయన ముఖంలో రంగు మారింది. నేను చూశాను. నేను కాక ఇంకెవరు చూస్తారు?

మనుషులు పోగై పడవను రేవు వైపు తోస్తున్నారు. ఆయన ఇంట్లోకి దూసుకొచ్చి, "బిరడా తే, బేగి!" అన్నాడు. నేను కదలకపోయేసరికి తనే వెళ్లి ముంతలో చెయ్యి పెట్టాడు. ఇసుకంతా తోడి నేల మీద పోశాడు. ఏమీ లేదు.

"ఓలమ్మో! బిరడా ఏదే?" అంది అత్త.

ఎలక అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆ క్షణాన నాకు వాళ్లు నలుగురు కారు, ఒక్కర్తే. నా మొగుడు ఒక్కర్తి కోసం ఇసుక తోడుతున్నాడు. మిగతా ముగ్గురూ గుర్తుకొచ్చాక ఎలక మాట మింగేశాను. కానీ ఉత్తినే ఇవ్వబుద్ధి కాలేదు.

"నాను కూడా వస్తాను. వస్తానంటేనే ఇస్తాను."

"నీకు ఈత రాదే!"

"ఆవిడకి వచ్చు గావాల. నన్ను ఎక్కించుకుంటావా, లేదా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎక్కి సావు" అన్నాడు.

బియ్యం నేల మీద కుమ్మరించి బిరడా తీసి, ఆయన కంటే ముందు రేవులోకి పరిగెత్తాను. ఆయన దాన్ని కన్నంలో పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. ఎప్పుడూ దబదబా బాదితే గానీ దిగనిది ఒక్క దెబ్బకే దిగిపోయింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఈలోగా జనం పడవను నీళ్లలోకి తోసేశారు, ఏరు లాక్కుంది.

వెనక గెడతో ఆయన, ముందు తెడ్డుతో కొండబాబు, మధ్యలో రెండు అంచులూ పట్టుకుని నేను. నీళ్లు మట్టి రంగులో సుళ్లు తిరుగుతున్నాయి. సగం దూరం వెళ్లామో లేదో కాళ్లకు చల్లగా తగిలింది. వంగి చూస్తే బిరడా చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి. అప్పుడు తెలిసింది తడి ఇసుక ఎందుకో. మా అత్త మొక్కు అనుకున్నది మొక్కు కాదు. బియ్యంలో పడి ఎండిన చెక్క చిక్కిపోయింది, కన్నం మాత్రం అలాగే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. మడమ తెచ్చి బిరడా మీద గట్టిగా అదిమిపెట్టి, చేతికందిన డబ్బాతో నీళ్లు తోడి పోశాను.

"నీల్లొస్తన్నాయేటే?" అని వెనక నుంచి కేక.

"తెడ్డు జల్లు" అన్నాను.

లంక మిట్ట దగ్గరికి చేరాం. నలుగురు ఆడవాళ్లు, ఒక మేక. అందులో ఝాన్సీ ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నేను ఇన్నాళ్లూ తెల్లటి మనిషిని, ఒత్తయిన జడను ఊహించుకుని ఏడ్చాను. తీరా చూస్తే నల్లగా, పొడుగ్గా, ముందు పన్ను కొంచెం ఎత్తుగా ఉంది. హమ్మయ్య అనుకునేలోగా, "బావా, ముందు ముసల్దాన్ని ఎక్కించు" అంది. బావా అట! తర్వాత తను కుచ్చిళ్లు దోపుకుని పడవలోకి ఒక్క అంగలో దిగింది. పడవ ఇంతైనా ఊగలేదు. నేను ఎక్కినప్పుడు అది తాగినవాడిలా తూలింది. పడవకు కూడా ఎవరు ఎవరో తెలుసు కాబోలని నాకు ఏడుపొచ్చింది.

ఎక్కిన బరువుకు పడవ కిందికి దిగింది. మడమ కింద నీళ్లు బుసబుసా పైకి తన్నాయి. తోడి పోసిన కొద్దీ పెరుగుతున్నాయి. ఝాన్సీ అది చూసింది. మిగతా వాళ్లను కదలొద్దని చెప్పి, వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. నా పాదం పట్టుకుని పక్కకు జరిపింది. బిరడా తల మీద గాడిలో బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

దాన్ని చూసింది. నన్ను చూసింది.

"బియ్యంలో ఎట్టినావా?" అంది, మా ఆయనకు వినపడకుండా.

ఆమె తన కొంగు చివర పళ్లతో కొరికి ఒక పేలిక చించింది. "నాను బిరడా పీకుతాను. నువ్వు అరసెయ్యి అడ్డెట్టు. తియ్యకు" అంది. పీకింది. నా అరచెయ్యి కన్నం మీద అదిమాను. ఏరంతా వచ్చి నా చేతిని కింద నుంచి తోసింది. ఆమె పేలికను బిరడాకు చుట్టి, నన్ను చెయ్యి తియ్యమని, అక్కడ పెట్టి డబ్బాతో బాదింది. నీళ్లు ఆగాయి.

ప్రాణం కుదుటపడగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే, ఇన్నాళ్లూ పేరొక్కటే ఆమెది, ఇప్పుడు చీర ముక్క కూడా చేరింది.

"నామీద కోపమేటి సెల్లీ?" అంది ఆమె.

"నీ పేరెట్టుకున్నాడు" అనేశాను. ఇంకెన్నాళ్లు దాచను?

ఆమె ముందు పన్ను కనిపించేలా నవ్వింది. "నా పేరా? ఓలమ్మ! కలింగపట్నంలో కొన్నప్పుడే దీనికి ఆ పేరున్నాది. పాత ఆసామి ఎట్టుకున్నాడు. ఇది కొన్నాకే, ఝాన్సీ అనే పిల్ల ఉన్నాదని ఎవలో సెప్తే నన్ను సూడ్డానికొచ్చినాడు. మా నాన్న పొలం ఎంతని అడిగితే గుగ్గిలం ఎలా కాయాలో సెప్పినాడు. నన్ను ఒక్కటే అడిగినాడు, నీ పేరు నిజంగా ఝాన్సీయేనా అని."

"మరి?"

"మరేటి? నానే వద్దన్నాను. బతుకంతా ఓ సెక్కతో పోటీ పడలేనని మా అమ్మకి సెప్పేసినాను."

'పడవ పేరే అది' అని ఆయన మొదటి రోజే చెప్పాడు. ఆ ఒక్కసారీ నిజమే చెప్పాడు. ఇన్నాళ్లూ అవతలి ఒడ్డుకేసి చూసి పళ్లు కొరికాను, తీరా నా సవతి నా కాళ్ల కిందే ఉంది, నా మొగుడు చేతులు కాల్చుకుని రాసిన నూనె వాసన వేస్తూ. అయినా కడుపుమంట చల్లారిందా అంటే లేదు. వద్దనే తెలివి ఈమెకు ఉంది, నాకు లేదు కదా అని మళ్లీ ఆమె మీదే రగిలింది.

మా రేవు దగ్గరపడింది. ఒడ్డున జనం తాళ్లు విసిరారు. చివర్లో ఏరు ఒక్క తోపు తోసింది, పడవ ముక్కు వెళ్లి రేవు రాళ్లకు ధడేలుమని కొట్టుకుంది. ఝాన్సీ, నేను ఒకరి మీద ఒకరం పడ్డాం. నా మోచెయ్యి గీరుకుపోయింది, ఆమె నుదురు బొప్పి కట్టింది. ఎవరో చేతులందిస్తే లేచి ఒడ్డెక్కాం. ముసలావిడ, మిగతా ఇద్దరు, మేక, అందరూ దిగారు.

మా ఆయన గెడ పారేసి నడుముల్లోతు నీళ్లలోకి దూకాడు. అడిగాడు.

"దెబ్బ తగిలిందేటమ్మా?"

ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. ఒడ్డు మీద పక్కపక్కన నిలబడి ఉన్న మేమిద్దరం, లేదని చెప్పడానికి ఒకేసారి నోరు తెరిచాం.

ఆయన మా వైపు చూడలేదు. పడవ ముక్కును రెండు చేతులా పట్టుకుని, చెంప ఆనించి, పలకలు తడుముతున్నాడు.

ముందు నోరు మూసుకున్నది ఝాన్సీ. నేను మాత్రం తెరిచిన నోరు అలాగే ఉంచి నిలబడ్డాను.