చావుకి బయానా

పొద్దున్నే ఇంత గంజి తాగి, వేడినీళ్ళ ఫ్లాస్కు చంకన పెట్టుకుని మొగుడు షూ మాస్టారి వెనకాలే స్టూడియోకి బయల్దేరింది లాన్‌యింగ్. మాస్టారికి చచ్చే వేషాలు కొట్టిన పిండి. సినిమాల్లో సేనాపతిగా చచ్చాడు, టీవీలో తాతగా, మామగా చచ్చాడు. ఇప్పుడైతే ఆయన్ని పిలిచేదే చావడానికి. షాటు కాగానే ఆయన లేచొస్తాడు, ఆయన నీడ మాత్రం నేలమీదే పడి ఉంటుంది. చావు దిష్టి పోవాలని కంపెనీవాళ్ళు డబ్బులున్న ఎర్ర కవరు ఆయన చేతిలో పెట్టాకే బద్ధకంగా లేస్తుంది. ఈలోపు లైట్లవాళ్ళు టీ తాగొస్తారు.

ఆరోజు కొత్త మేనేజరు చియావ్ ఎదురొచ్చాడు.

"మాస్టారూ, మీ ఎర్ర కవరు పొద్దున్నే ఫోన్‌కి కొట్టేశా. చూసుకున్నారా?"

లాన్‌యింగ్ వెనకనించి ముందుకొచ్చింది. "చావకముందే ఇచ్చేశావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది దిష్టి సొమ్మా, చావుకి బయానానా?"

"ఊరుకో పిన్నీ, ఏ కాలంలో ఉన్నావు!"

"వెనక్కి పంపెయ్యవయ్యా," అంది మొగుడితో.

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఫోను చూశాడు. "నొక్కేశానే. తీసుకున్నట్టు అయిపోయింది."

"అయితే ఇవాళ చావద్దు. ఇంటికి పద."

"ఈ వయసులో వేషం కాదంటే మళ్ళీ ఎవడు పిలుస్తాడే?" అని ఆయన సెట్టులో వేసిన మంచమెక్కాడు.

కెమెరా తిరిగింది. కొడుకు వేషగాడి చెయ్యి పట్టుకుని మాస్టారు మెల్లగా వాలిపోయాడు. డైరెక్టరు కట్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నీడ లేచింది. మాస్టారు లేవలేదు.

"అబ్బ, ఏం చచ్చాడండీ!" అంటున్నాడు చియావ్. లాన్‌యింగ్ వాణ్ణి తోసేసి పరిగెత్తింది. కొత్త సంవత్సరానికి మనవరాలికిద్దామని సంచిలో దాచిన ఎర్ర కవరు తీసి, గుమ్మం దాటబోతున్న నీడకి అడ్డంగా పట్టింది.

"ఆయన బయానా నువ్వు తీసుకో నాయనా. పుట్టినప్పట్నించీ ఆయన వెంటే తిరిగావు. ఈ ఒక్కసారి ఆయన బదులు నువ్వు పడుకో. నీ కాళ్ళు మొక్కుతా."

నీడ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత కవరు అందుకుని, వెనక్కొచ్చి మంచం పక్కన నేలమీద పడుకుంది.

మాస్టారు దగ్గాడు. "షాటు ఓకేనా?" అన్నాడు.

ఆ తర్వాత ఆయనకి వేషాలు రాలేదు. నీడ లేనివాణ్ణి ఏ లైటు కింద నిలబెడతారు? ఆయన రోజంతా సణుగుతాడు, ఆవిడ వేడివేడిగా నూడుల్స్ వండి ముందు పెడుతుంది. ఏటా సమాధులు ఊడ్చే పండక్కి మాత్రం ఇద్దరూ ఆ పాత సెట్టుకి వెళ్తారు. పైకప్పు ఎప్పుడో ఊడిపోయింది. నీడ ఇంకా అక్కడే ఉంది. లాన్‌యింగ్ దాని చుట్టూ ఊడ్చి, అగరొత్తులు వెలిగించి, మొగుడు పోయినదానిలా వెక్కివెక్కి ఏడుస్తుంది.

ఆవిడ వానకి తడవకుండా షూ మాస్టారు పక్కనే గొడుగు పట్టుకుని నిలబడతాడు.