వెనక ఎడమ చక్రం అత్తయ్య

మా నాన్న దర్జీ. ఆయన కుట్టిన చొక్కాకి ఇంతవరకూ వంక పెట్టినవాళ్లు లేరు. అలాంటి మనిషి కారు కుట్టడం మొదలుపెట్టాక మా ఇంట్లో సుఖం పోయింది. "కారు కుట్టడం" అన్నది నాన్నమ్మ మాట. నాన్న మాత్రం "అసెంబుల్ చేస్తున్నానమ్మా" అని ప్రతిసారీ సరిదిద్దుతాడు. నాన్నమ్మ ప్రతిసారీ తల ఊపి, మళ్లీ కుట్టడమనే అంటుంది.

విడిభాగాలన్నీ పెట్టెల్లో వచ్చాయి. వాటిని ఎలా కలపాలో చెప్పే బొమ్మల పుస్తకం కూడా వచ్చింది. కుట్టుషాపు వెనక, అమ్మ బట్టలు ఆరేసుకునే షెడ్డులో కారు కొంచెం కొంచెంగా లేచి నిలబడింది. రెండే సీట్లు, ముందు పొడుగాటి ముక్కు, పైన కప్పు, రెండు తలుపులు. నా మటుకు నాకు తలుపులే ముఖ్యం. మా ఇంట్లో సరిగ్గా మూసుకునే తలుపు ఒక్కటీ లేదు. కారుకి తలుపులు బిగించిన రోజు నుంచి సెలవుల్లో మధ్యాహ్నాలు నేను అందులో కూర్చుని డైరీ రాసుకుంటున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. కారులో అయితే పెగలక్కర్లేదు.

నాన్నకి ఒక పద్ధతి ఉంది. కొత్త బట్ట ఏది కుట్టినా ఆఖరి బొత్తాం ఇంట్లోవాళ్ల చేత కుట్టిస్తాడు. అలా చేస్తే ఆ బట్ట తొందరగా చిరగదని ఆయన నమ్మకం. కారుకి బొత్తాలు లేవు కాబట్టి బ్రేకుల నట్లు ఎంచుకున్నాడు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ సన్నటి పైపుల్లోంచి నాలుగు చక్రాల దగ్గరికీ ఒత్తిడి తీసుకెళ్తుంది. ఒక్కో పైపు చివర ఒక్కో నట్టు. ముందు కుడి చక్రం నట్టు నాన్నమ్మ బిగించింది. ముందు ఎడమది బాబాయ్. వెనక కుడిది అమ్మ. వెనక ఎడమది అత్తయ్య పేరు చెప్పి నాన్నే బిగించాడు. ఎందుకంటే అత్తయ్య, అంటే నాన్నకి అక్క, మాతో మాట్లాడదు. ఆవిడ గృహప్రవేశంలో నాన్న జేబులోంచి టేపు తీసి కొలిచి, మెట్లు వంకరగా ఉన్నాయన్నాడు. నా వంతు వచ్చేసరికి నట్లు అయిపోయాయి. నాకు పెడల్ తొక్కే పని ఇచ్చారు.

ఆ తర్వాత లీకు మొదలైంది.

నాన్న మొదటిసారి తనిఖీకి తీసుకెళ్లినప్పుడు కారు ఆగమన్న గీత దాటి, ఇన్‌స్పెక్టర్‌ని దాటి, ఆయన కుర్చీని దాటి, ఇసక కుప్పలో ఆగింది. రెండోసారి ఇన్‌స్పెక్టర్ కారెక్కనే లేదు. వంగి కింద చుక్కలు చూసి, "ముందు దీనికి జలుబు తగ్గించుకు రండి" అన్నాడు. మూడు అవకాశాలే ఇస్తారు. ఆ రోజు అన్నం దగ్గర నాన్న, "ఈసారి కూడా తప్పితే విప్పేసి పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను" అన్నాడు. అమ్మ లేచి వెళ్లి, అటక మీదున్న బట్టల తీగ దింపి దుమ్ము తుడిచి పెట్టుకుంది.

నేను కంచం వదిలేసి వెళ్లి కారులో కూర్చున్నాను.

నాన్న పైపులు విప్పి చూశాడు. పైపు చివర చిన్న గంటలా విప్పారి ఉంటుంది. అది నట్టు లోపల సరిగ్గా కూర్చుంటేనే ఆయిల్ బయటికి రాదు. ఆ గంటలు నలిగి చిట్లి ఉన్నాయి. షాపుకి వెళ్లి కొత్త పైపులు తెచ్చి వేశాడు. నాలుగు రోజులకి అవీ చిట్లాయి. మళ్లీ మార్చాడు. షాపతను చివరికి, "పైపు మంచిదేనండీ. మీ ఇంటి గాలే పడట్లేదు దానికి" అన్నాడు.

ఇంట్లో మాత్రం పైపుల పేరు ఎవరూ ఎత్తలేదు. మనుషుల పేర్లే ఎత్తారు.

"పొద్దున చూశాను, అమ్మ లీకవుతోంది" అనేవాడు బాబాయ్.

"నేనెందుకు లీకవుతానురా? నీ కిందే తడిగా ఉంది, చూసుకో" అనేది నాన్నమ్మ.

"నా సంగతి తర్వాత. వదిన కింద పళ్లెం పెట్టారా లేదా?"

"పెట్టారు. నా పళ్లెమే పెట్టారు" అనేది అమ్మ.

ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట. అసలు లీకు అత్తయ్య దగ్గరే ఉంటుందని. అక్కడ చుక్క కనబడకపోయినా, కనబడకుండా లీకవడం ఆవిడకే చేతనవునని నాన్నమ్మ తేల్చేసింది. నాన్న వెనక ఎడమ చక్రం ముందు పీట వేసుకుని గంటలు గంటలు కూర్చున్నాడు. అది పొడిగానే ఉంది.

అసలు సంగతి మా ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రపోతుందని అందరూ అనుకుంటారు. ఆ వేళప్పుడే నేను కారులో ఉంటాను. మొదట బాబాయ్ వచ్చాడు, పిల్లిలా. జేబులోంచి స్పానర్ తీసి, ముందు ఎడమ చక్రం వెనక దూరి, ఊపిరి బిగబట్టి నట్టు తిప్పాడు. అతను వెళ్లాక అమ్మ వచ్చింది. తనది తిప్పుకుంది. తర్వాత నాన్నమ్మ వచ్చింది. ఆవిడకి బలం చాలక స్పానర్ మీద రోకలితో కొట్టింది. కారు ఊగి, డైరీలో నా అక్షరాలు వంకర పోయాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తమ నట్టు మీదికి మాట రాకూడదని ఎవరికి వాళ్లు రోజూ ఇంకాస్త బిగిస్తున్నారు. అంత బిగిస్తే పైపుల గంటలు చిట్లక ఏం చేస్తాయి? అత్తయ్యతో ఎవరికీ మాటల్లేవు కాబట్టి ఆవిడ నట్టు జోలికి ఎవరూ పోలేదు.

చెబుదామంటే పెద్దవాళ్లు. చెప్పకపోతే కారు పాత ఇనుము.

తనిఖీ దగ్గర పడ్డాక నాన్న అందర్నీ షెడ్డులోకి పిలిచాడు. చక్రాల కింద నాలుగు పళ్లేలు. మూడింట్లో పసుప్పచ్చటి ఆయిల్, ఒకటి ఖాళీ.

"ఎవరైనా వీటిని ముట్టుకున్నారా?" అన్నాడు.

"రామ రామ" అంది నాన్నమ్మ.

"నాకేం పని అన్నయ్యా" అన్నాడు బాబాయ్.

అమ్మ పళ్లేల వంక చూస్తూ నిలబడింది.

నేను కారెక్కి, తలుపేసుకుని, స్టీరింగ్ పట్టుకుని ఉన్నదంతా చెప్పేశాను. అంత ధైర్యం నాకెక్కడిదా అనుకున్నాను. తలెత్తి చూస్తే నలుగురూ అద్దం లోంచి వింతగా చూస్తున్నారు. అద్దం పైకెత్తి ఉంది. ఒక్క ముక్కా బయటికి పోలేదు.

నాన్న తలుపు తీశాడు. "ఏంటి తల్లీ?"

రెండోసారి చెప్పడం ఎంత కష్టమో. స్టీరింగ్‌కేసి చూస్తూ, "పైపుల తప్పు కాదు నాన్నా. ఎవరి నట్టు వాళ్లు వచ్చి బిగిస్తున్నారు. నేను లోపలే ఉంటున్నాను" అన్నాను.

బాబాయ్ చెయ్యి జేబులోని స్పానర్ మీదికి పోయింది.

"నేను కొంచెమే" అన్నాడు బాబాయ్.

"రోకలితో కొడితే బిగించినట్టా?" అంది నాన్నమ్మ.

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు కూడానా? ఇది పోతే బాగుండునని రోజూ అంటావు కదే."

"పోతే పోనీయండి. నా వల్ల పోయిందన్న మాట మాత్రం నాకొద్దు" అంది అమ్మ.

నాన్న పీట మీద కూలబడ్డాడు. "బొత్తాం ఊడకుండా ఉండాలని దారం లాగీ లాగీ గుడ్డే చింపేశారు కదా" అని, కొత్త పైపులు తెచ్చి, ఉండాల్సినంత బిగువుతో తనే బిగించి, ఇంట్లోని స్పానర్లన్నీ కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేశాడు. వెనక ఎడమది మాత్రం ముట్టుకోలేదు.

నాన్నమ్మ ఊరుకుంటేనా. మాటల్లేవన్నది పక్కన పెట్టి కూతురికి ఫోన్ చేసి, "అందరివీ పాడయ్యాయే, నీదొక్కటే నిలబడింది" అని, నట్ల కథంతా తనిఖీ రోజుతో సహా చెప్పేసింది.

తనిఖీ రోజు నాన్న నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నడిపాడు. ఇన్‌స్పెక్టర్ ఈసారి కుర్చీ దూరంగా వేయించుకున్నాడు. నాన్న పెడల్ తొక్కాడు. కారు గీత మీద ఆగింది. నా గుండె ఇంకో అడుగు ముందుకెళ్లి ఆగింది. ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి, నాన్నని దిగమన్నాడు. ఇద్దరూ ముందు చక్రాల దగ్గర వంగారు.

అప్పుడు పక్కనున్న చిన్న అద్దంలో ఒక హ్యాండ్ బ్యాగు కనబడింది. దాని వెనకాలే అత్తయ్య. వెనక ఎడమ చక్రం దగ్గర చతికిలబడి, బ్యాగులోంచి స్పానర్ తీసింది. అది మా స్పానర్లన్నిటికంటే పెద్దది.

తలుపు తోసి, "అత్తయ్యా, దాన్ని ముట్టుకోకు!" అని అరిచాను.

అంత గొంతు నాకుందని నాకే తెలీదు. మా వెనకాలే వచ్చి గేటు దగ్గర నిలబడ్డ బాబాయ్ రెండు చేతులూ పైకెత్తేశాడు. ఇన్‌స్పెక్టర్ నడుం పట్టుకుని లేచాడు.

"ఎవరండీ ఆవిడ?"

"వెనక ఎడమ చక్రమండీ" అన్నాడు నాన్న.

అత్తయ్య స్పానర్ దించలేదు. "అందరివీ బిగించుకున్నారట. నాదొక్కటీ దిక్కులేనిదానిలా వదిలేశారట. నాకెవరూ లేరనుకున్నారా?"

"వదిలేశాం కాబట్టే నిలబడింది అత్తయ్యా" అన్నాను. ఒకసారి బయటికొచ్చిన గొంతు ఇంకా లోపలికి వెళ్లలేదు.

అత్తయ్య చక్రం కింద వేలు పెట్టి చూసుకుంది. పొడిగా ఉంది. మిగతా మూడు చక్రాల దగ్గరికీ వెళ్లి వేలు పెట్టి చూసింది. అవీ పొడిగానే ఉన్నాయి. అది ఆవిడకి అంతగా నచ్చినట్టు లేదు. స్పానర్ బ్యాగులో పెట్టుకుని, "సరే అయితే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వద్దు" అంది నాతో. ఇన్‌స్పెక్టర్ గబగబా కాగితం మీద ముద్ర కొట్టాడు.

అమ్మ బట్టల తీగ మళ్లీ అటక మీదికెక్కింది. అత్తయ్య ఇప్పటికీ నాన్నతో మాట్లాడదు. చక్రాన్ని చూసుకోవడానికి మాత్రం రోజూ మధ్యాహ్నం వస్తుంది. చూసుకున్నాక నా పక్క సీట్లో కూర్చుని, తలుపు గట్టిగా వేసుకుని, "నువ్వు రాసుకో, నేను నిన్ను కదిలించను" అంటుంది. ఒక నిమిషమైనా ఆగదు.

"ఏం రాస్తున్నావు? నా గురించేనా? మా మెట్లు వంకర కాదని రాయి."