గోడకెక్కని బండి

మా అన్నయ్యకి నేనంటే ప్రాణం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇకమీదట నేను తిట్టే తిట్లు విన్నాక మీరెవరూ నమ్మరు. ప్రాణమే, కాదనను. అందుకేగా నా బండి అమ్మేద్దామని చూశాడు!

నా బండంటే నాన్న బండి. నేను పుట్టకముందు కొన్నది. టూ స్ట్రోక్. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తే తప్ప నడవదు, నడిచిందా వీధంతా నీలం పొగ. చిన్నప్పుడు నాన్న నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఆ పొగా, నా కోపమూ కలిపి ఇంట్లో నాకు పొగబండి అని పేరు పెట్టారు. నలభై దాటినా ఆ పేరు పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు.

నాన్న పోయాక కాగితాలు అన్నయ్య పేరు మీదికి మారాయి. బండి మాత్రం నేనే నడిపాను, ఇంటికీ నా సీటు కవర్ల షాపుకీ మధ్య, ఏళ్ళ తరబడి. ఆ తర్వాత ఒకరోజు షాపు మెట్ల మీంచి రెక్సిన్ చుట్టతో సహా దొర్లిపోయాను. ఎడమ మోకాల్లో ప్లేటు వేశారు. ఆ కాలు నిలబడుతుంది, నడుస్తుంది. మడవమంటే మాత్రం ససేమిరా అంటుంది.

ఆ బండికేమో కిక్కూ గేరూ ఒకటే రాడ్. లోపలికి నొక్కి తిప్పితే కిక్కు, వదిలేస్తే గేరు. అదీ ఎడమ పక్కే. ఇంకేముంది, బండి షెడ్డులో మూల పడింది. ఇంట్లో అందరూ నన్ను ఓదార్చడం మొదలుపెట్టారు. "ఇప్పుడు గేర్లు లేని స్కూటర్లు బోలెడున్నాయిగా" అని మా వదిన. "నేను కార్లో దింపుతాగా" అని అన్నయ్య. దింపేవాడు కూడా. రోజూ షాపు ముందు కారాపి, గబగబా ఇటు తిరిగొచ్చి, తలుపు తీసి, నా చెయ్యి పట్టుకుని మరీ దింపేవాడు. నా దగ్గర పనిచేసేవాళ్ళంతా చూస్తుండగా! ఒళ్ళు మండిపోయేది. కాలు పోయిందని కాదు, నన్ను పింగాణీ కప్పులా పట్టుకుంటున్నారని.

ఇక పడలేక మా షాపు వెనకుండే లేత్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఈయన నాన్నకి స్నేహితుడు, బండికి వైద్యుడు.

"మాస్టారూ, గేరు చేత్తో వేసుకునేలా చెయ్యాలి."

ఆయన చెవి గోక్కున్నాడు. "బండి ఒరిజినల్‌గా ఉందమ్మా ఇన్నాళ్ళూ. పాడైపోతుంది."

"నా మోకాలు ఒరిజినలా మాస్టారూ?"

ఆయన లేత్ ఆన్ చేశాడు.

ఆ బండికో మంచి గుణం ఉంది. గేరు రాడ్ కదిలిస్తే చాలు, క్లచ్ దానంతటదే విడిపోతుంది. అంటే ఎడమ చెయ్యి ఖాళీయే. ఆ ధైర్యంతో గేరు రాడ్ నుంచి ట్యాంకు పక్కదాకా ఒక ఇనుప కడ్డీ లేపాం. పైన పట్టుకోడానికి కర్ర పిడి, దానికి నేనే తోలు కుట్టాను. కడ్డీనీ రాడ్‌నీ కలిపేది ఒక్క పిన్ను. స్టార్ట్ చేసేటప్పుడు పిన్ను తీసెయ్యాలి, బండి స్టాండ్ మీదుండగా ఎడమ పక్కన నిలబడి కుడికాలితో కిక్కు కొట్టాలి, మళ్ళీ పిన్ను పెట్టి ఎక్కాలి. నిలబడే కాలు ఎడమది, తన్నే కాలు కుడిది. చూశారా, రెండూ పనికొచ్చాయి.

కార్బురేటర్ నేనే కడిగాను, పాయింట్లు నేనే సర్దాను. మా ఇంటి ముందు వీధి ఎగువగా ఉంటుంది. ఎత్తు బాగా లాగాలని నిప్పురవ్వ కాస్త ముందుగా పడేలా టైమింగ్ పెట్టాను. అక్కడే కొంప మునిగింది. మొదటిరోజు భయంభయంగా, సగం సగం కిక్కు కొట్టాను. స్టార్టయింది! సంబరంతో పిన్ను పెట్టి, ఎక్కి, ఫస్ట్ గేరు వేసి యాక్సిలేటర్ తిప్పానా, బండి ముందుకు పోవాల్సింది వెనక్కి పోయి అమ్మ పూలకుండీల్లో కూర్చుంది.

అమ్మ వరండాలోంచి తొంగిచూసింది. కంగారు పడిందా, అబ్బే. "మీ నాన్న కూడా ఒకసారి ఇలాగే నన్ను ఎక్కించుకుని వెనక్కి పోయి గోడకి కొట్టాడే" అంది, కుండీ పెంకులు ఏరుకుంటూ.

లేత్ మాస్టారు కడుపుబ్బ నవ్వి అసలు సంగతి చెప్పాడు. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ముందూ వెనకా తేడా తెలీదట. టైమింగ్ ముందుకుండి, కిక్కు బద్ధకంగా పడితే, పిస్టన్ పైదాకా పోకుండానే ఎదురు తన్ని ఉల్టా తిరగడం మొదలెడుతుంది. "చప్పుడు విను తల్లీ. ఉల్టా తిరిగేటప్పుడు ఖాళీ డబ్బా కొట్టినట్టు ఉంటుంది. అలా వినపడితే ఆపేసి, ఈసారి మనసుపెట్టి తన్ను." ఆ తర్వాత నేను సగం కిక్కు కొట్టలేదు. టైమింగ్ కూడా మార్చలేదు. ఎత్తు బాగా లాగాలంటే అలాగే ఉండాలిగా!

ఇంట్లో మాత్రం పెద్ద గొడవ. నేను ఎత్తు చివరున్న మలుపు దాకా కూడా పోకుండానే అన్నయ్య తాళం లాక్కున్నాడు. కొత్త కారు ఎండలో మాడుతోందట, షెడ్డు ఖాళీ చెయ్యాలట, ఒక కాఫీ షాపాయన పాత బళ్ళు కొంటున్నాడట.

"కొని నడుపుతాడా?"

"గోడకి తగిలిస్తాడట. అందంగా. లైట్లు కూడా పెడతాడు."

నాన్న బండిని గోడకి! కళ్ళలో నీళ్ళొచ్చాయి, వాటి మీద ఇంకా కోపమొచ్చింది. "నేను నడుపుతుంటే ఎలా అమ్ముతావు?" అని అరిచాను.

"నడుపుతావూ? నువ్వా?" అన్నాడు. అమ్మ అక్కడే ఉంది, వదిన అక్కడే ఉంది. "సరే. ఎవరి చెయ్యీ పడకుండా నీ అంతట నువ్వు స్టార్ట్ చేసి, మలుపు దాకా ఎక్కి, తిరిగిరా. బండి నీదే. ఆదివారం పొద్దున్న చూద్దాం."

ఆదివారం అన్నాడా? శనివారం సాయంత్రానికే కాఫీ షాపాయన్ని పిలిపించాడు. నేను షాపులో ఉంటానని తెలిసి!

అమ్మ ఫోన్ చేసింది. "పొగబండీ, మీ అన్నయ్య షెడ్డు తలుపు తీశాడే" అంతే చెప్పి పెట్టేసింది. చేతిలో దబ్బనం అలాగే ఉంది, రెక్సిన్ కుట్టే లావుపాటి సూది. దాన్ని జాకెట్టుకి గుచ్చుకుని, నా దగ్గర పనిచేసే ఆవిడ స్కూటర్ వెనకెక్కి వచ్చేశాను.

వచ్చేసరికి బండి గేటు ముందు స్టాండ్ మీదుంది. దాని వెనకే తళతళలాడుతూ అన్నయ్య కొత్త కారు. కాఫీ షాపాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా కడ్డీ ఊడబెరికి గోడకి ఆనించి ఉంది.

"ఒరిజినల్ కండిషనండీ" అంటున్నాడు అన్నయ్య. "ఒక్క కిక్కుకి స్టార్టవుతుంది."

"ఆదివారం అన్నావుగా?" అన్నాను.

అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. "తర్వాత మాట్లాడదాం. లోపలికి పద, కాలు నొప్పెడుతుంది."

నేను కదల్లేదు. అన్నయ్య కిక్కు కొట్టాడు. కొట్టడమంటే ఏం కొట్టడం, చెప్పుకి అంటిన మట్టి దులుపుకున్నట్టు. బండి స్టార్టయింది. ఖాళీ డబ్బా కొట్టినట్టు, డొల్లగా.

కోపం కోపమే, కానీ చూస్తూ చూస్తూ ఊరుకోలేనుగా. "అన్నయ్యా, ఆపెయ్. అది ఉల్టా తిరుగుతోంది."

అన్నయ్య కాఫీ షాపాయన వైపు చూసి పళ్ళికిలించాడు. "మా చెల్లెలండీ. బండి అమ్మడం ఇష్టంలేదు. ఇంజన్ ఉల్టా తిరగడమేంటండీ, మరీ విడ్డూరం!"

"దేవుడి తోడు అన్నయ్యా, వెనక కారుంది."

"నువ్వాగు."

సరే, ఆగాను. అన్నయ్య దర్జాగా ఎక్కి, స్టాండ్ దింపి, ఫస్ట్ వేసి యాక్సిలేటర్ మెలితిప్పాడు. బండి మర్యాదగా వెనక్కి పోయి కారు హెడ్‌లైట్‌ని పగలగొట్టి ఆగిపోయింది.

వరండాలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కాఫీ షాపాయన గడ్డం నిమురుకుని, "ఫర్వాలేదు లెండి. గోడకి తగిలించేదానికి ఇంజన్ ఎందుకూ? బరువు కూడాను. ఇంజన్ ఇక్కడే తీయించేసి పట్టుకెళ్తా" అన్నాడు.

ఇంజన్ తీసేస్తాడట! నాలో ఉన్న భయమేదో ఆ మాటతో తెగిపోయింది. గోడ దగ్గరికి వెళ్ళి నా కడ్డీ తెచ్చుకున్నాను.

"పిన్నేది?"

అన్నయ్య ఇంకా హెడ్‌లైట్ ముక్కలే చూస్తున్నాడు. "ఏమో. ఎక్కడో విసిరేశాను."

విసిరేశాడు! సరే. కారుకి ఆనుకున్న బండిని ముందుకి లాగి, స్టాండ్ వేశాను. ఎడమ పక్కకి వచ్చి, రాడ్ లోపలికి నొక్కి, కిక్కు గట్టిపడేదాకా మెల్లగా తొక్కి చూసుకున్నాను. అప్పుడు కుడికాలెత్తి ఒంట్లో ఉన్న కోపమంతా పెట్టి తన్నాను. రోజూ చెయ్యి పట్టుకుని దింపినందుకు ఒకటి. స్టార్టవలేదు. ఆదివారమని చెప్పి శనివారమే అమ్మబోయినందుకు ఇంకొకటి. బండి దడదడమని లేచింది, నిండుగా. నాన్న ఇంటికొస్తున్నప్పుడు వీధి చివర్నుంచే వినపడే చప్పుడు. వదిన చెవులు మూసుకుంది.

కడ్డీ చిల్లులో దబ్బనం దూర్చి వంచాను. స్టాండ్ దింపి ఎక్కి కూర్చున్నాను. ఎడమ కాలు చక్కగా ముందుకు చాపుకుంది, దానికోసం మాస్టారు ఒక ఫుట్‌రెస్ట్ ముందుకి వెల్డింగ్ చేశాడులెండి.

అన్నయ్య పరిగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇప్పుడు మొహంలో దర్జా లేదు. "పడతావే. నీకేమన్నా అయితే నేను చూడలేనే. ఆస్పత్రిలో నిన్ను చూశాక నాకిప్పటికీ నిద్రపట్టదు."

నిజమే చెప్తున్నాడు. నాకు తెలుసు. అయినా చెప్పాను. "పడితే లేస్తాను అన్నయ్యా. నువ్వు కూర్చోబెట్టేస్తే ఎలా లేవాలి? చెయ్యి తియ్."

"వద్దే..."

"ఎవరి చెయ్యీ పడకూడదన్నది నువ్వే. నీ చెయ్యి కూడా."

తీశాడు.

ఫస్ట్ వేశాను. బండి ముందుకే పోయింది. ఎత్తు మొదలయ్యేసరికి ఇంజన్ గోలపెట్టింది. సెకండ్ వేద్దామని పిడి లాగితే దబ్బనం వంగిపోయి కడ్డీ వదులయింది. సగం ఎత్తులో ఉన్నాను. ఆగానంటే మళ్ళీ దిగి స్టార్ట్ చెయ్యడం జరిగే పని కాదు, కింద నుంచి అన్నయ్య వచ్చి తోసుకుంటూ తీసుకెళ్తాడు, కాఫీ షాపాయన పానా తీస్తాడు. "చచ్చినా ఆగను" అని పైకే అన్నాను. కుడిచేత్తో యాక్సిలేటర్ వదలకుండా, కిందికి వంగి, ఎడమ బొటనవేలితో దబ్బనాన్ని చిల్లులోకి అదిమిపట్టి, వేళ్ళతో కడ్డీ లాగాను. వేలికి గుచ్చుకుంది. గేరు పడింది. బండి ఒక్క ఊపున ఎత్తెక్కేసింది, నేను పెట్టిన టైమింగ్ మరి! మలుపులో కుడికాలు కింద ఆనించి బండి తిప్పుతుంటే, ఎదురింటి కిటికీల్లో జనాలు. అందరికీ నీలం పొగ సమానంగా పంచాను.

కిందికి వచ్చేసరికి నలుగురూ గేటు ముందే ఉన్నారు. ఇంజన్ ఆపలేదు, దిగలేదు. బొటనవేలి రక్తం ట్యాంకు మీద పడుతోంది.

"బండి ఎవరిది అన్నయ్యా?"

అన్నయ్య ఏదో గొణిగాడు.

"చప్పుట్లో వినపడలా. గట్టిగా చెప్పు."

"నీదేనే తల్లీ! నీదే! వేలికి ముందు కట్టు కట్టుకో, పొగబండీ!" వీధంతా వినపడేలా అరిచాడు, కళ్ళు తుడుచుకుంటూ.

కాఫీ షాపాయన పాపం ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి నా గోడకండీ?" అన్నాడు.

"గోడకి గడియారం పెట్టుకోండి. ఇది నడిచే బండి" అంది అమ్మ.

నేను గేటు లోపలికి తిప్పి, అన్నయ్య ఖాళీ చెయ్యమన్న షెడ్డులోకే, నట్టనడుమకే పోనిచ్చి అక్కడ ఇంజన్ ఆపాను. బయట ఒంటికన్ను కారు సాయంత్రపు ఎండలో నిలబడి ఉంది. అన్నయ్య దాన్నీ, నన్నూ, షెడ్డునీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"దిగులుపడకు అన్నయ్యా" అన్నాను. "షాపులో మంచి రెక్సిన్ ఉంది. నీ కారుకి నేనే కవరు కుడతాను. రేపు పొద్దున్న బండి మీద వెళ్ళి తెస్తా."