పట్టుచీరల మధ్య సీరం సీసా

నేను ఒక సీరం సీసాను. ముఖానికి రాసుకునే విటమిన్ సి సీరం. అరచేతిలో ఇమిడిపోయేంత ఒళ్ళు, ముదురు గోధుమరంగు గాజు, నెత్తిన రబ్బరు బుడ్డి, దాని కింద చుక్కలు వేసే సన్నని గొట్టం. ఇప్పుడు నా కడుపులో ఉన్నది మాత్రం సీరం కాదు, కుట్టుమిషన్ నూనె. అదెలా జరిగిందో చెబుదామంటేనే ఒళ్ళు మండుతోంది. ఓపిక ఉంటే వినండి, లేకపోయినా వినండి. మీ ఇంటి బీరువాలోనూ నావంటిది ఒకటి మగ్గుతూనే ఉంటుంది.

పుట్టినచోట నాకు జరిగిన గారాబం అంతా ఇంతా కాదు. గాలి తగిలితే పాడైపోతానని మూత బిగించారు, వెలుతురు పడదని ముదురు గాజులో పోశారు, వేడి సోకకూడదని చల్లటి గదిలో పెట్టారు. మూత తీసిన దగ్గర్నుంచి నా ఆయువు మూడు నెలలు. ఆ మూడు నెలలూ రోజూ పొద్దున్నే నాలుగు చుక్కలు ఎవరి ముఖం మీదో ఇంకిపోవాలి. అంతకుమించి నాకు వేరే కోరికలు లేవు. ఇంత చిన్న కోరిక కూడా తీరదని అప్పుడు తెలియదు.

విశాఖపట్నంలో ఒక కొట్టు అద్దాల అరలో ఉన్నప్పుడు మొదటిసారి కోపమొచ్చింది. అక్కడి సేల్స్‌మ్యాన్ వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట. "ఇది రాయండి మేడమ్, రెండు వారాల్లో పాలమీగడలా తెల్లగా అయిపోతారు." ఎవరయ్యా నీకు చెప్పింది? నేనేమైనా సున్నమా, గోడకు కొట్టడానికి? ఎండకు కమిలిన చర్మానికి కాస్త కళ తెస్తాను, మచ్చల్ని నెమ్మదిగా పలచబరుస్తాను. అదీ రోజూ రాస్తేనే, పైన సన్‌స్క్రీన్ పూస్తేనే. పుట్టుకతో వచ్చిన రంగు జోలికి నేను పోను. అది మచ్చ కాదు కదా, పోగొట్టడానికి!

నన్ను కొన్నది ప్రవల్లిక. చర్మవ్యాధుల ఆసుపత్రిలో నర్సు. సేల్స్‌మ్యాన్ బంగారు మూత ఉన్న పెద్ద తెల్లగాజు సీసా ఒకటి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని పక్కకు నెట్టేసింది.

"తెలుపు సంగతి వదిలేయండి. మా పిన్నికి మంగు వచ్చింది. ముదురు సీసాలో ఉన్నది, చిన్నది, ఈమధ్యే తయారైనది చూసివ్వండి."

అలా ఎంచుకుంటుంటే నాకెంత గర్వంగా అనిపించిందో! ఎంచుకోవడం తెలిసినవాళ్ళ చేతిలో పడ్డాను, ఇక వాడుకోవడం కూడా తెలిసే ఉంటుందనుకున్నాను. కొనేవాళ్ళు వేరు, వాడేవాళ్ళు వేరని ఆ క్షణంలో తట్టలేదు.

ఆ పిన్ని పేరు అమలేశ్వరి. ఊరు తణుకు. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద, ముక్కు మీద గోధుమరంగు మచ్చలు లేచి అలాగే ఉండిపోయాయి. మంగు అంటే అదే. పదిమందిలోకి వెళ్తే పమిట చెంగు దానంతటదే బుగ్గ మీదికి వెళ్ళేది. పెళ్ళి ఫోటోల్లో వెతికితే ఎవరి భుజం వెనకో ఆమె కొప్పు కనిపిస్తుంది. ఇంటి వరండాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టిన జాకెట్టు ముడత లేకుండా ఒంటికి అతుక్కుపోతుందని ఊళ్ళో పేరు. ఆ పేరు కూడా ఆమెది కాదు. "తాతారావుగారింట్లో కుట్టించాం" అంటారు. తాతారావు ఆమె భర్త. రైసుమిల్లులో గుమాస్తా. సూదిలో దారం ఎక్కించమంటే కళ్ళజోడు కోసం వెతుక్కుంటాడు.

శ్రావణమాసంలో మెయిన్‌రోడ్డు మీద అమలేశ్వరి సొంత షాపు తెరవబోతోంది. షాపు ముందు పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ఆమె ఫోటో. ఆమెకు ఉన్న ఒకే ఒక్క ముచ్చట అది. "అందరూ ఫ్లెక్సీల మీద నవ్వుతున్నారు, నేనొక్కసారి నవ్వితే తప్పేంటే? నా షాపు, నా మొహం" అంది ప్రవల్లికతో. అందుకే ఆ పిల్ల నన్ను మాఘమాసంలోనే తెచ్చి చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని, తుడుచుకుని నాలుగు చుక్కలు రాయి పిన్నీ. కాస్త చురుక్కుమంటుంది, భయపడకు. ఆరాక సన్‌స్క్రీన్ రాసుకో. శ్రావణం నాటికి మచ్చలు బాగా పలచబడతాయి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

అమలేశ్వరి అన్నిటికీ తలాడించింది. ప్రవల్లిక బస్సెక్కిందో లేదో నన్ను కళ్ళకద్దుకుని, బీరువా తెరిచి, పట్టుచీరల మధ్య పడుకోబెట్టి తాళం వేసింది.

"ఖరీదైన సరుకు. ఇప్పట్నుంచీ రాసి పాడుచేసుకోవడం ఎందుకు? ఫోటో దిగే ముందురోజు రాస్తే తాజాగా పనిచేస్తుంది" అని తనకు తనే చెప్పుకుంది.

విన్నారా? రాస్తే పాడవుతానట! నేను రాయకపోతే పాడయ్యేదాన్ని తల్లీ అని అరుద్దామంటే నాకు నోరు లేదు. మనుషుల లెక్క నాకు ఎప్పటికీ అంతుపట్టదు. కొత్త కంచాలు చుట్టాలకు, మెత్తటి దుప్పటి అల్లుడికి, మంచి చీర ఎవరిదో పెళ్ళికి. తమకోసం మాత్రం అంచు విరిగిన కప్పు, చిరుగుల తువ్వాలు. మంచిదేదైనా చేతికొస్తే దాన్ని వాడుకునేంత మంచివాళ్ళం మనం కాదన్నట్టు దాచేస్తారు.

పోనీ కదపకుండా దాచినా కొంత నయం. సీలు విప్పకపోతే మరికొన్నాళ్ళు బతికేదాన్ని. కానీ ఇంటికి వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించాలి కదా! ఆడపడుచు మంగతాయారు వచ్చిన రోజే మూత ఊడింది. గొట్టం పైకి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నారింజపళ్ళ వాసనొస్తుందనుకున్నాను వదినా. తడిసిన ఇనప గేటు వాసనొస్తోందేంటి? నువ్వు రాసుకుంటున్నావా?"

"లేదొదినా, దాచాను."

"మంచి పని చేశావు" అని మెచ్చుకుని రెండు చుక్కలు తన మోచేతికి రాసుకుని వెళ్ళింది. మోచేతికి! తర్వాత పక్కింటావిడ, పాలావిడ, చీటీలావిడ. వచ్చినవాళ్ళంతా మూత తీసి వాసన చూసినవాళ్ళే, తలా ఒక చుక్క చేతికో మెడకో పూసుకున్నవాళ్ళే. తీసిన ప్రతిసారీ గుక్కెడు గాలి నాలోకి దూరేది. ఊళ్ళో నా చుక్క అంటనిది ఒక్క అమలేశ్వరికే.

ఎండాకాలం వచ్చింది. ఆ బీరువా పడమటి గోడకు ఆనుకుని ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి ఇనప తలుపులు కాలిపోయేవి. కలరా ఉండల ఘాటులో, జరీ అంచుల మధ్య నేను ఉడికిపోయాను. నీళ్ళలా తేటగా ఉన్నదాన్ని ముందు పసుపుపచ్చగా, తర్వాత తేనెరంగుకు తిరిగాను. ఆషాఢం నాటికి మరిగించి మరిచిపోయిన డికాక్షన్‌లా అయ్యాను. నా ఒళ్ళు నాకే తెలిసిపోతోంది, చచ్చిపోతున్నానని. పక్కనున్న ఉప్పాడ చీర మాత్రం హాయిగా ఉంది. దానికేం, దాచుకోవడానికే పుట్టింది.

ఫోటో స్టూడియోకి వెళ్ళాల్సిన ముందురోజు పొద్దున అమలేశ్వరి నన్ను తీసింది. తలంటుకుని, కొత్త బొట్టు పెట్టుకుని, ఎంత ఆశగా కూర్చుందో అద్దం ముందు! అరచేతిలో చుక్కలు వేసుకుంది. వాటి రంగు చూసి ఒక్క క్షణం ఆగింది. అయినా రాసుకుంది. మర్నాడు పొద్దున్న లేచి అద్దంలో చూసుకుంటే మంగు ఎక్కడిదక్కడే ఉంది. దానికి తోడు బుగ్గల మీద నారింజరంగు మరకలు. సబ్బు పెట్టి తోమింది. బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ మరకలు పూర్తిగా పోలేదు.

"నా మొహానికి ఏదీ పడదు" అంది, మంచం మీద కూలబడి.

అంతవరకూ ఆమె మీద ఉన్న కోపం ఆ మాటతో నీరుగారిపోయింది. ఆమె ముఖం చేసిన తప్పేముంది? ఆ ముఖానికి ఒక్క పొద్దయినా ఎవరైనా ఏదైనా ఇచ్చి చూశారా?

ఆమె స్టూడియోకి వెళ్ళలేదు. ఫ్లెక్సీ అతను ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. తాతారావు గొంతు సవరించుకున్నాడు.

"పోనీ నాది పంపించేస్తాలేవే. ఆ మధ్య మీ తమ్ముడి గృహప్రవేశంలో దిగింది ఉంది కదా."

ఆమె సరేనంది. చెడ్డవాడు కాదు తాతారావు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. కానీ ఆ ఫ్లెక్సీ చూడాల్సింది మీరు! నల్ల కళ్ళజోడు, చేతికి గడియారం, రెండు చేతులూ జోడించి నిలువెత్తు తాతారావు. కింద పెద్ద అక్షరాలతో 'లేడీస్ టైలర్స్, బ్లౌజులు కుట్టుటలో ప్రత్యేకత'. ఆమె పేరు మూలన, దారప్పోగంత సన్నగా. ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి ఆయన రోజూ దాన్ని చూసుకుని మురిసిపోయేవాడు.

నా సంగతి చెప్పలేదు కదూ. ఆమె నన్ను పారేయలేదు. చుక్కలు వేసే మూత బాగుందని, పాడైన సీరం ఒంపేసి, కడిగి, మిషన్ నూనె పోసి షాపుకి తెచ్చింది. ఇక చూడండి, నాకు దక్కిన వైభవం! పొద్దున్నే షట్టరు ఎత్తగానే మొదటి పని నాతోనే. మిషన్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి, ఎక్కడెక్కడ రాపిడి ఉందో అక్కడల్లా ఒక చుక్క. ఒక్కరోజు తప్పితే ఒట్టు. ఇనుముకు ఇంత శ్రద్ధ! తన బుగ్గకు మాత్రం ఫోటో దిగే ముందురోజు!

షాపుకి పాతవాళ్ళు వచ్చారు గానీ కొత్తవాళ్ళు మెట్లదాకా వచ్చి, తలెత్తి ఫ్లెక్సీ చూసి ఆగిపోయేవారు. ఒకావిడ గుమ్మంలోంచే అడిగింది.

"కొలతలు ఆయనే తీసుకుంటారాండీ?"

"అబ్బే, నేనేనండీ. లోపలికి రండి" అని అమలేశ్వరి లేచేలోపే, "అయ్యబాబోయ్, మళ్ళీ వస్తాలెండి" అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

ఆ మర్నాడే ప్రవల్లిక వచ్చింది. బయట నిలబడి ఫ్లెక్సీని చూసి, లోపలికొచ్చి పిన్ని ముఖం చూసి, ఆ తర్వాత నన్ను చూసింది. నా కడుపులో నూనె చూసి ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. నా కోపానికి ఇన్నాళ్ళకు ఒక నోరు దొరికింది.

"రాసుకోమని ఇస్తే దాచావా పిన్నీ?"

"మంచిది కదమ్మా..."

"నీకోసం తెచ్చింది మంచిది కాక చెడ్డదై ఉంటుందా? మిషన్‌కి రోజూ నూనె వేస్తున్నావు కదా, దాన్నీ దసరాకి వెయ్యి, సరిపోతుంది!"

సంచిలోంచి కొత్త సీసా తీసి బల్ల మీద ఠక్కున పెట్టి, టీ తెస్తానని వెళ్ళిపోయింది. అమలేశ్వరి దాన్ని అందుకుంది. అలవాటు ప్రకారం సొరుగు లాగి, అడుగున లైనింగ్ గుడ్డల మధ్య దాని తలను దూర్చింది. నాలో నూనె మరిగినంత పనైంది. అప్పుడు ఆమె చెయ్యి నా మీద ఆగింది. నా గొట్టానికి ఎంత కడిగినా పోని గోధుమరంగు మరక ఒకటి ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దింది. మళ్ళీ రుద్దింది. సొరుగులోంచి కొత్త సీసా బయటికి తీసి, సీలు చించి, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, నాలుగు చుక్కలు రాసుకుంది. ఆ రోజు పండగా కాదు, పెళ్ళీ కాదు. బయట చేపల బండి వెళ్తోంది.

"మచ్చలు తగ్గాక ఫోటో దిగుదువుగాని" అంది ప్రవల్లిక, టీ గ్లాసులతో వచ్చి.

"వద్దే. మళ్ళీ బీరువాలో పెట్టినట్టే అవుతుంది" అని మెడలో టేపుతోనే పక్కనే ఉన్న స్టూడియోకి నడిచింది. పమిట నడుముకు బిగించి ఉంది. ఫోటోగ్రాఫర్ అడిగిన మాట ఇక్కడిదాకా వినిపించింది.

"బుగ్గల మీద మచ్చలు కంప్యూటర్లో తీసేయమంటారాండీ?"

"తీసేస్తే షాపుకొచ్చినవాళ్ళు 'ఆవిడ లేరాండీ' అని నన్నే అడుగుతారు. ఉండనివ్వండి."

కొత్త ఫ్లెక్సీ మీద మంగుతో సహా అమలేశ్వరి నవ్వుతోంది. పేరు ఇప్పుడు రోడ్డు అవతలికి కూడా కనిపిస్తుంది. తాతారావు తన స్కూటరు వానకు తడవకుండా పాత ఫ్లెక్సీని దాని మీద కప్పాడు. నల్ల కళ్ళజోడు సరిగ్గా సీటు మీదికి వస్తుంది.

నేను ఇంకా ఈ బల్ల మీదే ఉన్నాను, కొత్త సీసా పక్కన. పొద్దున్నే షట్టరు లేస్తుంది. ముందు తన ముఖానికి నాలుగు చుక్కలు, ఆ తర్వాతే మిషన్‌కు నూనె. ఆ వరుస మారడానికి నా ప్రాణం పోయింది.